లస్మవ్వ కళ్ళకు నీళ్ళ పైపు

ఒకటో రాత

కొత్త చెప్పులు కిర్రుమంటున్నాయి. నా వయసులో మనిషికి మిగిలేవి రెండే సుఖాలు. ఒకటి బెల్లం. రెండోది, చప్పుడు కాకుండా ఎవరి వెనకకైనా వెళ్ళి వాళ్ళు ఉలిక్కిపడేలా దగ్గడం. బెల్లం వాటాను మా బొగ్గుబాయి కమిటీవాళ్ళు సగానికి కోశారు. రెండోది ఈ చెప్పులు తీసుకుపోయాయి. అడుగు బయట పెడితే చాలు, మా గ్యాలరీ సొరంగం చివరిదాకా నేనొస్తున్నానని తెలిసిపోతోంది. కుట్టినవాణ్ణి అడిగితే నూనె రాయమన్నాడు. రాశాను. కిర్రు పోలేదు కానీ జారడం కూడా మొదలైంది. ఆ మనిషికి చెప్పులు కుట్టడం ఎవరు నేర్పారో వాళ్ళను పైకి పంపి ఎండలో నిలబెట్టాలి.

ఇదంతా రాయమన్నది నా మనవరాలు మౌనిక. పేరు మౌనిక, గొంతు మాత్రం షిఫ్టు సైరన్. గాలి ఫ్యాన్ల దగ్గర పనిచేస్తుంది. "తాతా, పెట్టెల ఏం పెడ్తానవో, ఏం పీకుతానవో రాసిపెట్టు. ఒక్క తప్పు రెండుసార్లు జేస్తే నేను మళ్ల రాను" అంది. నేను చదివింది ఐదు. ఆరులో ఉండగా ఎండకు బడి మూశారు. వానలు పడ్డాక తెరుస్తామన్నారు. ఇంకా తెరవలేదు. అందుకని అక్షరాలు వంకరగా ఉంటే ఎండను అడగండి.

పెట్టె సంగతి. అది నేను సొంతంగా కట్టుకున్న కంప్యూటరు. పైనున్న పాడుబడ్డ ఊళ్ళలోంచి ఏరుకొచ్చే తుక్కులో ఒక్కో ముక్కా వెతుక్కుని కట్టాను. ఎందుకంటే నా భార్య లస్మవ్వకు చూపు లేదు. ఆమె కళ్ళద్దాలకు చిన్న కెమెరా పెట్టాను. కెమెరా చూసింది పెట్టెకు అందుతుంది, పెట్టె ఆమె చెవిలో చెబుతుంది. "ఎదురుగా గడప." "ఎడమవైపు ఉప్పు డబ్బా." "మీ ఆయన బెల్లం దగ్గర ఉన్నాడు." ఈ మూడోది నేను నేర్పలేదు. దానంతట అదే నేర్చుకుంది, చాడీలకోరు.

కంపెనీవాళ్ళ కన్ను పెట్టించుకోవచ్చు కదా అని అందరూ అంటారు. అది చూసిందంతా ఎక్కడో ఎవడి దగ్గరికో పోతుంది. లస్మవ్వకు అది ఇష్టం లేదు. "నేను చీర కట్టుకునేది ఎవనికో ఎందుకు సూపియ్యాలె" అంటుంది. అందుకే ఈ తుక్కు పెట్టె.

ఇప్పుడు గొడవేమిటంటే, పైన ఎండలు ముదిరాయి. బొగ్గు తీసేసిన బాయిలో, ఇంత లోతున, ఎనిమిదో లెవల్‌లో ఉన్నా గాలి ఒంటికంటే వేడిగా ఉంది. పెట్టెలోని ఫ్యాను ఆ వేడిగాలినే తెచ్చి పెట్టె మీద ఊదుతోంది. వేడెక్కితే పెట్టె నిదానిస్తుంది. ఇవాళ లస్మవ్వ గడపకు తట్టుకుని పడింది. పడి, లేచి, మోకాలు తుడుచుకుని, నన్నూ నా వంశాన్నీ తిట్టి, మంచం మీద కూర్చున్నాక అప్పుడు చెప్పిందట చెవిలో, "ఎదురుగా గడప" అని.

"నీ పెట్టె నీ లెక్కనే ఉన్నదయ్యా. అంత అయినంక జెప్తది" అంది.

నవ్వాను కానీ లోపల నవ్వు రాలేదు. మా గ్యాలరీ వంటశాలలో పులుసు కాచేది లస్మవ్వ. అందరూ ఆ పులుసు తిని బతుకుతూ దానికే వంకలు పెడతారు. ఆమె వంటశాలలో ఒకసారి పడిందంటే కమిటీ ఊరుకోదు. మూడో లెవల్‌లో కూర్చునేవాళ్ళ గది ఉంది, అక్కడికి పంపిస్తుంది. మంచాలు, ఒక రేడియో, వేళకు అన్నం. అక్కడికి వెళ్ళినవాళ్ళు కూర్చోవడమే, మళ్ళీ లేచింది లేదు. మొగుణ్ణి వెంట రానివ్వరు, నేను ఇంకా లేచి తిరుగుతున్నాను కాబట్టి.

ఫ్యానుతో పని కాదు. పెట్టెకు నీళ్ళు పెట్టాలి.

రెండో రాత

నీళ్ళు పెట్టడమంటే పెట్టె మీద చెంబెడు గుమ్మరించడం కాదు. మా గ్యాలరీలో ముగ్గురు అలాగే అనుకున్నారు కాబట్టి రాస్తున్నాను. పెట్టెలో వేడెక్కేది ఒక చిప్పు. దాని మీద రాగి దిమ్మె కూర్చోబెట్టాలి. దిమ్మె లోపల నీళ్ళు పారాలి. పారిన నీళ్ళు వేడి మోసుకుని బయటికి పోవాలి, ఎక్కడో చల్లారి మళ్ళీ లోపలికి రావాలి. తిప్పడానికి ఒక పంపు. నీళ్ళు నింపుకోవడానికి, గాలి పైకి తేలడానికి పంపుకంటే ఎత్తులో ఒక సీసా. అంతే. ఒంట్లో నెత్తురు తిరిగినట్టే.

పంపు దవాఖానవాళ్ళు పారేసిన మిషన్‌లోది. గొట్టాలు సెలైన్ పైపులు. దిమ్మెకు లస్మవ్వ రాగి చెంబు అడుగు కోశాను. కోశాకే అడిగాను. ఆమె రెండు పూటలు నాతో మాట్లాడలేదు. పెట్టె మాత్రం ఆమె తరఫున నన్ను కనిపెడుతూనే ఉంది.

చల్లార్చడానికి ఎప్పటిదో మోటారుబండి రేడియేటర్ తెచ్చి మురిసిపోతుంటే మౌనిక వచ్చింది.

"ఇది అల్యూమినియం తాతా."

"అయితే?"

"దిమ్మె రాగి. రాగి, అల్యూమినియం ఒక్క నీళ్ళల్ల ఉంటే ఒకదాన్నొకటి తింటయ్."

"నేను మీ నాయనమ్మ ఒక్క ఇంట్ల లేమా?"

"అందుకేగా ఇద్దరు గిట్లయిండ్రు" అంది. దానికి ఈ నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. నా వైపు నుంచి అయితే కాదు.

రేడియేటర్ పక్కన పడేసి, రాగి గొట్టాన్ని నేనే చుట్టలు చుట్టాను. నీళ్ళూ మన బాయి నీళ్ళు పనికిరావంది. ఊటలో తుప్పు, పులుపు ఉంటాయి, రాగిని కొరుకుతాయి. ఫ్యాన్ రూములో చల్లటి పైపులకు చెమట పట్టి కారే నీళ్ళు శుభ్రమైనవి. తన తాగే వాటా అక్కడ బదులు పోసి, ఆ నీళ్ళు ఒక సీసాలో పట్టి తెచ్చింది. మంచిదే పిల్ల. ఆ మాట దాని ముందు అనను.

మూడో రాత

చిప్పుకూ దిమ్మెకూ మధ్య తెల్లటి లేపనం రాయాలి. నేను ఇడ్లీకి పచ్చడి వేసినట్టు వేశాను. దిమ్మె నొక్కగానే నాలుగు వైపులా కారింది. మౌనిక తుడవలేక ఏడ్చింది. తమలపాకుకు సున్నం రాసినంత చాలు. ఇది పెద్దక్షరాలతో రాయమంది. నాకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని తేడా రాదు, అన్నీ ఒకే సైజు.

ముందు పెట్టె ఆపి ఉంచాలి. పంపు ఒక్కటే నడపాలి. కింద పాత కాగితాలు పరిచి పొద్దంతా చూస్తూ కూర్చోవాలి, ఎక్కడ తడి కనిపిస్తుందా అని. నేను కూర్చున్నాను. గొట్టం మూతి దగ్గర ఒక చుక్క, కాసేపటికి ఇంకో చుక్క. దారం చుట్టి బిగించాను. ఆగింది. పెట్టె నడుస్తుండగా ఆ చుక్క పడి ఉంటే లస్మవ్వ కళ్ళు అక్కడే మాడిపోయేవి.

తరవాత గాలి బుడగలు. గొట్టంలో గాలి ఉంటే పంపు గురక పెడుతుంది, నీళ్ళు తిరగవు. పాలు తాగిన పసిపిల్లను భుజాన వేసుకుని తేన్పు తెప్పిస్తాం చూడండి, అలాగే పెట్టెను ఇటోసారి అటోసారి వంచాలి. వంచుతుంటే లస్మవ్వ అడిగింది.

"ఏం జేత్తానవ్?"

"నీ కండ్లకు తేన్పు తెప్పిస్తాన."

"నలుగురు పిల్లల్ని కన్న. ఒక్కరినన్న ఎత్తుకున్నవా గిట్ల?"

పెట్టెను ఇంకోసారి అటు వంచాను.

సాయంత్రానికి పెట్టె వెలిగించాను. లస్మవ్వ లేచి, గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. ఒక్కదానికీ తట్టుకోలేదు. గడప దగ్గర ఆగి, కాలెత్తి దాటి, వెనక్కి తిరిగి నా వైపు ముఖం పెట్టింది.

"నీ అంగీ తిరగేసి తొడుక్కున్నవట" అంది.

నిజమే.

నాలుగో రాత

పక్కగది రాజమల్లు గురించి రాయాలి. సంపు దగ్గర పంపు ఆపరేటరు. పొద్దున లేవగానే ముందు మంచాన్ని తిడతాడు, తరవాత చెప్పుల్ని, తరవాత పైపుని, అన్నీ అయిపోయాక నన్ను. ఆ వరసలో తిట్లు వినిపిస్తే టైం ఎంతయిందో గడియారం చూడకుండా చెప్పొచ్చు.

నేను రాగి చుట్ట తగిలించింది ఇద్దరి గదుల మధ్య గోడకు. దానికి ఫ్యాను కూడా పెట్టాను. నాకు వేరే గోడ లేదు, ఒకవైపు రాయి, ఒకవైపు వాకిలి. పెట్టె వెలిగించిన మర్నాడే తలుపు బాదాడు.

"ఓ ఓదెలూ. నీ పాడెగట్ట, బయటికి రా."

"పాడెకు కట్టెలు ఏడ దొరికినయ్‌రా ఈ బాయిల?" అన్నాను.

"నా గోడ ముట్టి సూడు. రొట్టె ఏస్తే కాలుతది."

"అయితే ఏసుకో. కరెంటు మిగులుతది."

"ఆరుగురం పండుకుంటమయ్యా ఆ గోడ పక్కన. పిల్లగాండ్లకు ఒళ్ళంత చెమటకాయలు లేసినయ్. నీ ముసల్ది సూడాలెనని నా పిల్లలు ఉడకాల్నా?"

ముసల్ది అనేసరికి నాకూ కాలింది. "నీ నోట్లకెల్లి వచ్చే వేడికన్న నా పెట్టె వేడి తక్కువనే" అన్నాను. గ్యాలరీలో అందరూ తలుపులు తీసి చూశారు. ఒక్కరూ నా పక్షం రాలేదు. వాళ్ళ పులుసులో రేపు ఉప్పు ఎక్కువ పడాలని కోరుకున్నాను.

పోతూ పోతూ రాజమల్లు లోపలికి తొంగిచూశాడు. గొట్టాలూ సీసా చూశాడు.

"అవి నీళ్ళేనా?"

"నూనె" అన్నాను.

నమ్మలేదు. ముక్కుతో గాలి పీల్చి వెళ్ళిపోయాడు.

ఈ బాయిలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు కానీ రాస్తున్నాను. పొద్దున ఊట నుంచి అందరికీ నీళ్ళు వదులుతారు. సాయంత్రం సైరన్ మోగగానే మిగిలిన ప్రతి చుక్కా, స్నానం చేసిందీ, గిన్నెలు కడిగిందీ, గ్యాలరీ చివర అప్పగింత తొట్టిలో పోయాలి. ఆ నీళ్ళతోనే తెల్లవారేదాకా చల్లగాలి యంత్రాలు తిరుగుతాయి. తలకొక కుండ తాగడానికి ఉంచుకోవచ్చు. అంతకు మించి ఇంట్లో నిలవ నీళ్ళు ఉంటే నేరం. నా పెట్టెలో తిరిగేవి చెంబెడు నీళ్ళు. కానీ అవి సైరన్‌కు బయటికి రావు.

చెంబెడేగా అనుకున్నాను.

ఐదో రాత

ఇవాళ జరిగింది రాయబుద్ధి కావడం లేదు. మౌనిక రాయమంటోంది.

నీళ్ళు మార్చాల్సి వస్తే పనికొస్తుందని గొట్టానికి అడుగున ఒక బిరడా పెట్టాను. లస్మవ్వ చేతికి అందించి, ఇదిగో ఇది తీస్తే నీళ్ళన్నీ వచ్చేస్తాయి అని గొప్పగా చూపించాను కూడా. తియ్యకూడదు అని చెప్పడం మరిచాను. పెట్టె ఎందుకు మరుస్తుందో నాకిప్పుడు అర్థమైంది.

సాయంత్రం నేను తుక్కు దగ్గర ఉన్నాను. సైరన్ మోగింది. లస్మవ్వ ఇంట్లో నీళ్ళన్నీ బిందెలో పోసింది. డ్రమ్ములోవి, గిన్నెలోవి, కాళ్ళు కడిగిన పళ్ళెంలోవి. తరవాత వంగి, బిరడా పీకి, పెట్టెలో నీళ్ళు కూడా బిందెలో పట్టింది. పట్టి, బిందె చంకన పెట్టుకుని తొట్టికి బయల్దేరింది.

నీళ్ళు లేని పంపు కాసేపు అరిచి మాడిపోయింది. చిప్పు వేడెక్కింది. తొట్టిలో నీళ్ళు పోసి లస్మవ్వ వెనక్కి తిరిగేసరికి చెవిలో మాట సాగడం మొదలైందట. "ముందు... కాలువ..." అని, ఆ తరవాత ఏమీ లేదు. రెండడుగుల ముందు నడుము లోతు కాలువ. షిఫ్టు మారే వేళ, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, అందరూ తోసుకుంటున్నారు. ఆమె ఖాళీ బిందె పట్టుకుని నడి దారిలో ఉన్నచోటే నిలబడిపోయింది. ఒకడు పక్కకు జరగమని కసిరాడట. ఒకామె కళ్ళు కనిపించవా అందట.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది రాజమల్లు. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు, ఆమెను, నన్ను, నడిచేవాళ్ళను, కాలువ తవ్వినవాణ్ణి. చెయ్యి మాత్రం వదల్లేదట. మా గదిలోకి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. అప్పుడు నేల మీద తడి చూశాడు. వంగి, వేలు పెట్టి, నాలుక మీద పెట్టుకున్నాడు.

నేను వచ్చేసరికి వాకిట్లో ఉన్నాడు.

"నూనె అంటివి గదనే ఓదెలన్నా" అన్నాడు. తిట్టలేదు. అందుకే భయం వేసింది.

లోపల లస్మవ్వ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పెట్టెల గూడ నీళ్ళున్నయంటివి గదా. అందరి నీళ్ళతోని అవి గూడ అప్పజెప్పిన. లగ్గమయి ఈ బాయిల దిగినకాడికెల్లి మన ఇంట్ల ఒక్క పొద్దన్న నీళ్ళు నిలవలేదయ్యా."

ఆమె చేసింది తప్పని ఈ ఊళ్ళో ఎవరూ అనరు. నేను కూడా అనలేకపోయాను.

ఆరో రాత

వనజక్క మా లెవల్ నీళ్ళ పెద్ద. కొలకర్ర పట్టుకుని తొట్టి గట్టు మీద కూర్చుంటుంది. నవ్వదు. నేను చాలా ఏళ్ళుగా నవ్వించాలని చూస్తున్నాను, కొలకర్రే నయం, నీళ్ళలో పెడితే కాస్త ఊగుతుంది.

రాజమల్లు ఫిర్యాదు రెండు ముక్కలు. నీళ్ళు దాచాడు. వేడి పక్కింటి మీదికి తోశాడు.

"చెంబెడు నీళ్ళక్కా" అన్నాను.

"ఆరో లెవల్ల గూడ మొదలు చెంబెడే" అన్నాడు రాజమల్లు. "ఆయనెవడో చెంబు దాసిండు, ఆయన్ని జూసి ఇంకోడు బకీటు దాసిండు. తెల్లారేటాళ్ళకు గాలి మిషన్లు ఆగినయ్. మా అన్న ఆ గ్యాలరీలనే ఉండె. నేను పోయి తెచ్చిన, నా భుజం మీద ఏసుకొని."

తొట్టి దగ్గరున్నవాళ్ళంతా నన్ను చూశారు, నీళ్ళలో చచ్చిన ఎలుకను చూసినట్టు.

"లస్మవ్వను మూడో లెవల్కు పంపుతే అయిపాయె గదా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మనిషి పొద్దున రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు.

లస్మవ్వ కొంగు సర్దుకుంది. "వనజా, తలకొక కుండ మాఫీ గదా. నా కుండ పెట్టెల పొయ్యి. నేను నీళ్ళు తాగ."

"నీదెందుకే, నాది పోయిస్త" అన్నాను.

"నీకు నీళ్ళు లేకుంటే దగ్గుతవ్. నాకు నిద్ర పట్టది."

"నువ్వు తాగకుంటే గురక పెడ్తవ్."

"నేనా? నేను గురక పెడ్తనా? అందరి ముంగట అంటానవా?"

కొలకర్రతో వనజక్క గట్టు మీద కొట్టింది. "సాలు. ఇద్దరు కలిసి ఒక కుండ తాగుండ్రి. ఒక కుండ పెట్టెకు. దాని మూతికి సీలు నేనే ఏస్త, బిరడా ఎవలు ముట్టద్దు." నేను సంతోషపడేలోపు కర్ర నా వైపు తిప్పింది. "నీళ్ళ సంగతి అయిపోయింది బాపూ. వేడి సంగతి? గ్యాలరీలకు వదిలితే ఊకోను. రాజమల్లు గోడ మీదికి అసలే వద్దు. ఈ నెలాఖరుకు వచ్చి గోడ ముట్టి సూస్త. వేడుంటే పెట్టె బంద్. పెట్టె బందయితే లస్మవ్వ వంటశాలల ఉండుడు కుదరది. అవ్వా, నువ్వు ఏమనుకోకు."

"ఏమనుకుంట. నీ జాగల నేనున్నా గట్లనే అంట" అంది లస్మవ్వ.

"ఇంగో మాట" అంది వనజక్క నాతో. "రాజమల్లుతోని మాటలు కలుపుకో. నీ నోటి వేడి గూడ లెక్కలకే వస్తది."

మౌనిక మా కుండ నీళ్ళకు బదులు ఫ్యాన్ రూము నీళ్ళు పట్టి తెచ్చింది, ఇంకో పంపు కూడా ఎక్కడిదో తెచ్చింది. ఎక్కడిదని అడగలేదు. రాగి చుట్ట ఈసారి మా డ్రమ్ములో ముంచాను. మా ఇద్దరికీ వచ్చేది సగం డ్రమ్ము నీళ్ళు. మధ్యాహ్నానికే అవి కాగిపోయాయి, ఆ తరవాత వేడి తీసుకోవడం మానేశాయి. వంటశాలలో లస్మవ్వ చెవిలో "పొయ్యి" అన్న మాట ఆలస్యంగా వచ్చింది. వేలు కాలింది. ఎవరూ చూడకముందే కొంగులో దాచుకుంది.

"ఎవలు సూడలేదు గదా" అని నన్నడిగింది ఇంటికొచ్చాక. నేను అక్కడ లేను. లేనని ఆమెకు చెప్పలేదు. ఎవరూ చూడలేదన్నాను.

ఏడో రాత

వేడి పొయ్యడానికి చోటు కావాలి. పెద్దది కావాలి. పొద్దున చల్లటి నీళ్ళతో నిండి, సాయంత్రానికి ఖాళీ అయి, మర్నాడు మళ్ళీ చల్లగా నిండేది కావాలి. ఆలోచిస్తూ పడుకున్నాను. గోడ అవతల రాజమల్లు మంచాన్ని తిట్టాడు, చెప్పుల్ని తిట్టాడు, పైపుని తిట్టాడు. తరవాత ఆరుగురి స్నానానికి ఊటనీళ్ళు దడదడమని ఇనప డ్రమ్ములో పడటం మొదలైంది. డ్రమ్ము మా గోడకు ఆనుకునే ఉంటుంది.

లేచి కూర్చున్నాను.

రాగి గొట్టాన్ని కాస్త చదునుగా కొట్టి, చుట్టలు పక్కపక్కన చేర్చి, పైన రాగి రేకు అతికి, గుండ్రటి పీట తయారుచేశాను. ఆ పీటను రెండు చేతులా పట్టుకుని రాజమల్లు తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏంది?" అన్నాడు. అందులో మూడు తిట్లు ఉన్నాయి.

"వనజక్క మాటలు కలుపుకోమన్నది. తప్పయింది తమ్మీ. నూనె అని అబద్ధమాడిన. నా ఇంటిదాన్ని చెయ్యి పట్టి తెచ్చినవ్, నీకు ఒక్క మాట చెప్పలే. నీ డ్రమ్ము అడుగు తుప్పు పడ్తాంది, దీని మీద పెట్టుకో."

ఈ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కావాలంటే మళ్ళీ చదవండి.

రాజమల్లు పీట తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో వాడికి ఎవరైనా ఏదైనా ఇచ్చారో లేదో. ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక పీటనే తిట్టాడు, బరువుగా ఉందని. ఇద్దరం కలిసి డ్రమ్ము ఎత్తి పీట మీద కూర్చోబెట్టాం. పీట గొట్టాల కొసలు గోడ సందులోంచి మా గదిలోకి తోశాను.

"గీ గొట్టాలేంది, నీ గోడలకు పోతానయ్?"

"ఎర్తింగు. కరెంటు కొట్టకుండ" అన్నాను.

ఇది ఒక్కటి అబద్ధం.

ఇప్పుడు లస్మవ్వ చెవిలో మాట గడపకంటే ముందే వస్తోంది. నిన్న నేను బెల్లం డబ్బా మీద చెయ్యి పెట్టకముందే, పెట్టబోతున్నానని చెప్పిందట. ఇంత వేగం నాకు అక్కర్లేదు.

నెలాఖరుకు వనజక్క వచ్చింది. నా గోడకు అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. పెట్టె సీలు చూసింది. వేడి ఎటు పోతోందని అడిగింది. "వాడుకలకే పోతాందక్కా" అన్నాను. నేరుగా పక్కగదికి వెళ్ళింది. డ్రమ్ములో వేలు ముంచింది. పీట చూసింది, గొట్టాలు చూసింది, ఇవేమిటని రాజమల్లును అడిగింది. బయటికొచ్చి నన్ను చూసింది.

"ఎర్తింగు మంచిగ జేసినవ్ బాపూ" అంది. "లస్మవ్వా, రేపు పులుసుల చింతపండు జర తక్కువెయ్యి." అని వెళ్ళిపోయింది. నవ్విందని ప్రమాణం చెయ్యలేను. మూతి ఒక పక్కకు జరిగింది.

పని అయిపోయింది. ఇక్కడ ఆపెయ్యమని మౌనిక అంటోంది. కానీ ఇంకోటి ఉంది, రాసేస్తాను. రాజమల్లు దీన్ని చదవడు. చదివినా కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో తిట్టుకుంటూ వెతికేలోపు నేను మూడో లెవల్ దాటేస్తాను.

పీట పెట్టిన మూడో పొద్దో నాలుగో పొద్దో వాడు మా వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడాడు. వాడికి తగ్గే గొంతు ఉందని అప్పుడే తెలిసింది.

"ఓదెలన్నా, డ్యూటీ దిగి తానం జేస్తుంటే నీళ్ళు గోరువెచ్చగుంటానయ్. మోకాళ్ళ నొప్పులు సగం పోయినయ్. ఏంది కథ?"

నా ముఖం పూజారి ముఖంలా పెట్టాను. "రాగి మహిమ తమ్మీ. రాగి మంచి మాట వింటె వెచ్చవడ్తది, చెడ్డ మాట వింటె సల్లవడ్తది. పొద్దున లేసిన కాడికెల్లి తానందాక నోట్లకెల్లి తిట్టు రావద్దు."

"పిస్సగిట్ల లేసిందా నీకు? నీ..." అని మొదలుపెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున కావాలనే, డ్రమ్ము పక్కన నిలబడి, మంచం నుంచి నా దాకా వరసంతా తిట్టాడు. పరీక్ష పెట్టాడన్నమాట.

సాయంత్రం నీళ్ళు వెచ్చగా వస్తే నా రాగి మహిమ బయటపడిపోతుంది. కానీ లస్మవ్వ అప్పటికే పెట్టె వైపు చెయ్యి చాపింది.

"ఇయ్యాల వంటశాలల నా వంతు లేదు. కండ్లు బంద్ పెట్టు" అంది.

"పొద్దంత సీకటేనే."

"నాకు సీకటి కొత్తనా? బంద్ పెట్టు."

ఆ పొద్దంతా ఆమె కళ్ళు లేకుండా గోడకు చెవి ఆనించి కూర్చుంది. సాయంత్రం అవతల చెంబు నీళ్ళు ఒంటి మీద పడిన చప్పుడు, తరవాత రాజమల్లు వణికిన చప్పుడు. లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇలా ఇంకొక్కసారి చేయాల్సొచ్చింది. అంతే, వాడు దారికొచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే గోడ అవతల కాలికి మంచంకోడు తగిలిన చప్పుడు వస్తుంది, తరవాత చాలాసేపు ఏమీ వినిపించదు, ఆ తరవాత పళ్ళ మధ్య నుంచి, "మంచిదే, మంచిదే" అని వస్తుంది. టైం ఎంతయిందో తెలియక గ్యాలరీలో సగంమంది డ్యూటీకి ఆలస్యంగా పోతున్నారు.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. రాగికి చెవులు లేవు. రాజమల్లు ఒంటి మీద పోసుకుంటున్న వెచ్చటి నీళ్ళు లస్మవ్వ లోకాన్ని చూసిన వేడి, వాడు మింగుతున్న తిట్లన్నీ నా పుణ్యం.